అమెరికా అపార్ట్‌మెంట్‌లో కలంకారీ పని సాగుతుందా? చేసినవాళ్ళు ఉంటే చెప్పండి

కాళహస్తి_అమ్మాయి:

అందరికీ నమస్తే. మాది శ్రీకాళహస్తి. అక్కడే ఒక గురువుగారి దగ్గర చాలా ఏళ్ళు కలంకారీ నేర్చుకుని, పెళ్ళయ్యే దాకా ఆయన దగ్గరే పని చేశాను. గాడా (ముతక నూలు) గుడ్డ గంజి వదలగొట్టడం దగ్గర నుంచి ఆఖరి ఉతుకు దాకా అన్నీ చేతికి అలవాటే. ఇప్పుడు మా వారి ఉద్యోగం వల్ల న్యూజెర్సీ వచ్చాం, ఎడిసన్ దగ్గర రెండో అంతస్తులో వన్ బెడ్‌రూమ్ ఇల్లు, నేను హెచ్4 మీద, అంటే ఆయన మీద ఆధారపడిన భార్య వీసా మీద ఉన్నాను.

వచ్చిన కొత్తలో ఊరు చూడటం, వంట సామాను కొనుక్కోవడం అంటూ రోజులు తెలియకుండా గడిచాయి. చలికాలం మొదలైనప్పటి నుంచి మాత్రం చాలా కష్టంగా ఉంది. నాలుగున్నరకే చీకటి పడిపోతుంది, ఉన్న ఎండలోనూ వేడి ఉండదు. మా ఊళ్ళో అయితే స్వర్ణముఖిలో నీళ్ళున్నప్పుడు పారే నీళ్ళలో జాడించి ఇసుక మీద పరిచేసేవాళ్ళం. ఇక్కడ బాల్కనీలో బట్టలు ఆరేయకూడదని లీజులోనే ఉంది. నల్లరంగు కోసం తుప్పు ఇనుము, బెల్లం ఊరబెడితే ఆ వాసనకి పక్కింటివాళ్ళు ఏమంటారో అని ఒకటే టెన్షన్. అమ్మ పంపిన వెదురు కలాలు డబ్బాలో అలాగే ఉన్నాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ పరిచయమైన తెలుగువాళ్ళు అందరూ మంచివాళ్ళే, అవసరానికి వెంటనే వచ్చి నిలబడతారు. కానీ నేనేం చేస్తానో చెప్పగానే "మంచి హాబీ అండీ, టైమ్‌పాస్ అవుతుంది" అంటారు. నా అన్నం ఆ పని మీద తిన్నాను. మా వారు కూడా నా బాధ చూడలేక "ఏదైనా కోర్సు చేసి ఐటీలోకి వెళ్తావా" అంటున్నారు. ఆయన ప్రేమతోనే అంటున్నారని తెలుసు, అయినా మనసుకి కష్టంగా ఉంది.

అపార్ట్‌మెంట్‌లో ఈ పని ఎవరైనా చేస్తున్నారా? ఉతుకు ఎలా? వేసినవి అమ్మొచ్చా, వీసాకి ఇబ్బందా? అన్నిటికన్నా ముఖ్యంగా, ఊరూ గురువూ తోటి పనివాళ్ళూ లేకుండా చెయ్యి తప్పిపోకుండా ఎలా కాపాడుకుంటారు?

ఓక్‌ట్రీ_రోడ్:

చెల్లీ, వీసా సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే ఇక్కడ తెలియక చేసినా తప్పు తప్పే. హెచ్4 మీద ఉండి ఈఏడీ కార్డు (పని చేయడానికి అనుమతి పత్రం) లేకుండా ఇక్కడ కూర్చుని బొమ్మ వేసి అమ్మడం అనుమతి లేని పని కిందకే వస్తుంది. ఆన్‌లైన్‌లో అమ్మినా అంతే, నగదు తీసుకున్నా అంతే. 2015 మే 26 నుంచి కొంతమంది హెచ్4 వాళ్ళకి ఈఏడీ ఇస్తున్నారు. మీ వారికి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) అప్రూవ్ అయి ఉండాలి, లేదా ఆయన ఉద్యోగ వీసా హెచ్1బీ ఆరేళ్ళు దాటి పొడిగింపులో ఉండాలి. అప్పుడు ఈఏడీ కోసం ఐ-765 దరఖాస్తు వేసుకోవచ్చు. ఆ కార్డు చేతికొచ్చాక సొంతంగా అమ్ముకోవచ్చు, క్లాసులూ చెప్పుకోవచ్చు. కార్డు ఉన్నవాళ్ళు ఇంకోటి గుర్తు పెట్టుకోండి, 2025 అక్టోబర్ 30 నుంచి రెన్యువల్ పెట్టేవాళ్ళకి పాత కార్డు గడువు దానంతట అది పెరిగే సదుపాయం పోయింది. అందుకని గడువుకి 180 రోజుల ముందు, దరఖాస్తు పెట్టనిచ్చే మొదటి రోజే పెట్టేయాలి.

మీ కోసం మీరు బొమ్మలు వేసుకోవడానికి, అమ్మకం లేని ప్రదర్శనలో పెట్టడానికి మామూలుగా ఇబ్బంది ఉండదు. అయినా ఇమిగ్రేషన్ లాయరుకి ఫీజు కట్టి ఒకసారి అడగండి, వాట్సాప్ గ్రూపుల్లో చెప్పింది నమ్మొద్దు.

సామాన్ల విషయానికొస్తే, కరక్కాయ పొడి ఓక్ ట్రీ రోడ్‌లో గుజరాతీ దుకాణాల్లో హరడే అని అడిగితే ఇస్తారు, పటిక ఫిట్కరీ అని దొరుకుతుంది.

డెల్ఫ్ట్_నుంచి:

నేను నెదర్లాండ్స్‌లో ఉంటాను, ఇదే పని చేస్తాను, మాదీ చిత్తూరు వైపే. మీరు రాసింది చదివి ఆగలేక రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది.

ముందు ఒక మాట. ఊళ్ళో ఏడాది పొడవునా ఒకే వరసలో చేసిన పని ఇక్కడ అలా కుదరదు, రుతువుల ప్రకారం విడగొట్టుకోవాలి. చలికాలం గీతల పని పెట్టుకోండి. హీటర్ వేసిన గదిలో గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి పాలు, కరక్కాయ పట్టించిన గుడ్డ ఫ్యాను పెడితే తొందరగానే ఆరిపోతుంది, పులిసిన వాసన పట్టదు. గేదెపాలు దొరకవు, ఆవుపాలల్లో కొవ్వు తీయనివి వాడండి. పాలల్లో కొవ్వే కదా రంగు చెదరకుండా ఆపేది, కొవ్వు తీసిన పాలైతే గీత పక్కకి పాకుతుంది. బొగ్గుతో గీసుకోవడం, నల్ల గీతలు వేయడం అంతా మార్చి లోపు పూర్తి చేసుకోండి. ఎండ అసలు అవసరం ఉతుకు తర్వాత, కరక్కాయ పసుపు విరిగి గుడ్డ తెల్లబడటానికి. ఆ పని మే, జూన్, జూలైలో పెట్టుకోండి, అప్పుడు మీకు రాత్రి ఎనిమిది దాకా వెలుతురు ఉంటుంది. పార్కులోనో ఎవరి పెరట్లోనో గడ్డి మీద పరుచుకోవచ్చు.

నల్లరంగు చలిలో నెమ్మదిగా ఊరుతుంది. ఊళ్ళో లెక్క ప్రకారం రోజులు చూసుకుని తీసేయకండి, చిన్న ముక్క మీద గీసి చూసుకుంటూ ఉండండి, కరక్కాయ పట్టిన గుడ్డ మీద గీత వెంటనే నల్లబడితే అయినట్టు. జింకు పూత ఉన్న మేకులు, స్టెయిన్‌లెస్ స్టీలు పనికిరావు, తుప్పు పట్టే మామూలు ఇనుమే కావాలి. మూత బిగించొద్దు, గాలి పుడుతుంది, జాడీ మూతికి గుడ్డ కట్టి హీటర్ దగ్గర పెట్టండి. నిజం చెప్పాలంటే వాసన మీరు భయపడేంత ఉండదు, చిన్న జాడీ చాలు మనకి.

ఇక ఉతుకు. బాత్‌టబ్‌లో నీళ్ళు నింపి నానబెడితే మాత్రం పని చెడిపోతుంది. రంగు పట్టడానికి పటిక పెట్టిన చోట ఎక్కువైనది నీళ్ళలో కలిసి మళ్ళీ గుడ్డ మీదే వేరే చోట కూర్చుంటుంది, రంగులో ఉడకబెట్టినప్పుడు అక్కడ కూడా ఎర్ర మరకలు పడతాయి. ఏరులో అది కొట్టుకుపోతుంది, మన పెద్దవాళ్ళు పారే నీళ్ళు కావాలన్నది అందుకే. టబ్ అడుగున బిరడా తీసేసి, హ్యాండ్ షవర్ వదిలి, గుడ్డని మడత పడనీయకుండా రెండు చేతులతో అటూ ఇటూ కదుపుతూ ఉండండి. మీటరున్నర గుడ్డ దాకా ఒక్కరే చేసుకోవచ్చు. అంతకన్నా పెద్దదైతే మీ వారిని రెండో కొస పట్టుకోమనండి.

మనం ఎరుపుకి వాడే చవలికొడి వేరు ఇక్కడ దొరకదు. యూరప్‌లో మన మంజిష్ఠ జాతిదే ఇంకో మొక్క ఉంది, దాని వేరు పొడి మ్యాడర్ పేరుతో అమెరికాలోనూ దొరుకుతుంది. చవలికొడిలో ఎరుపునిచ్చే అలిజరిన్ ఇందులోనూ ఉంది. మరగనిస్తే మాత్రం గోధుమరంగులోకి తిరిగిపోతుంది, చెయ్యి పెట్టలేనంత వేడి చాలు. గిన్నె స్టీలుది వాడండి, దాన్ని మళ్ళీ వంటకి వాడొద్దు. మా దేశంలో జీలాండ్ అనే ప్రాంతంలో దీన్ని శతాబ్దాల పాటు పండించారు.

నాకు ఈ దేశం అలవాటైంది కూడా ఈ గుడ్డ వల్లే. డచ్చివాళ్ళు 1600ల మొదట్లో మచిలీపట్నంలో దిగి కోరమాండల్ తీరం గుడ్డ ఓడలకెత్తారు. ఫ్రీస్‌లాండ్‌లో హిండెలోపెన్ అనే చిన్న ఊళ్ళో ఆడవాళ్ళ సంప్రదాయ దుస్తుల్లో ఆ గుడ్డ ఉంటుంది. దాన్ని ఇక్కడ సిట్స్ అంటారు. లేవార్డెన్‌లోని ఫ్రీస్ మ్యూజియం 2017లో దాని మీద పెద్ద ప్రదర్శన పెట్టింది. అక్కడ అద్దం వెనకాల ఒక పువ్వు రేకు అంచున గీత సన్నగా మొదలై, మధ్యలో లావై, మళ్ళీ సన్నబడటం చూశాను. కలానికి చుట్టిన ఉన్ని మీద వేలు నొక్కి వదిలితే పడే గీత అది. ఎవరు వేశారో పేరు లేదు, కానీ ఆ వేలు ఎక్కడ నొక్కిందో నాకు తెలుసు. నా పక్కన నిలబడ్డ ముసలావిడకి అదంతా చెప్తే ఆవిడ నన్ను తన రంగులద్దే బృందానికి తీసుకెళ్ళింది. అప్పటి నుంచి నాకు ఇక్కడ మనుషులున్నారు.

రాజు_డాలస్:

ఇంత కష్టం దేనికండీ, గుడ్డ మీద వేసే అక్రిలిక్ రంగులు క్రాఫ్ట్ షాపులో దొరుకుతాయి కదా. డిజైన్ మనదే ఉంటుంది, వాసనా ఉతుకూ గొడవ లేదు. మా ఆవిడ చీరల మీద వేస్తుంది, చాలా బాగుంటాయి.

డెల్ఫ్ట్_నుంచి:

రాజు గారూ, మీ ఆవిడ వేసేవి బాగుంటాయనే నమ్ముతున్నాను, దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఆ రంగు దారం పైన పొరలా కూర్చుంటుంది. ఇక్కడ పటికతో కలిసి రంగు దారంలోకి దిగుతుంది, ఎన్ని ఉతుకులైనా గుడ్డ మెత్తగానే ఉంటుంది. ఈ అమ్మాయి ఏళ్ళ తరబడి నేర్చుకున్నది ఆ దిగడం గురించే. దాన్ని వదిలేయమంటే ఆమెకి చేతిలో డిజైన్ ఒక్కటే మిగులుతుంది.

ముద్రణ_మాస్టారు:

అమ్మా, నేను చిత్తూరు జిల్లావాణ్ణే, చాలా కాలంగా న్యూయార్క్‌లో ఉంటున్నాను, ప్రింట్‌మేకింగ్, అంటే పలక చెక్కి బొమ్మలు అచ్చువేసే ముద్రణ కళ, నేర్పేవాణ్ణి. మీ ఆఖరి ప్రశ్న ఒక్కదానికే జవాబు చెప్తాను.

కృష్ణారెడ్డి గారి పేరు విన్నారా? 1925లో మన చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, శిల్పం నేర్చుకోవడానికి లండన్ స్లేడ్ స్కూల్లో హెన్రీ మూర్ దగ్గరికి, తర్వాత పారిస్‌లో జాడ్కిన్ దగ్గరికి వెళ్ళారు. వెళ్ళింది శిల్పిగా. పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపే అతెలియే 17 అనే వర్క్‌షాపులో అడుగుపెట్టాక ఆయన జీవితం ముద్రణ వైపు తిరిగింది. రాగి, జింకు పలకల్ని శిల్పం చెక్కినట్టే వేర్వేరు లోతుల్లో చెక్కారు. నూనె ఎక్కువ కలిపిన పల్చని రంగు ముందు వేస్తే దాని మీద చిక్కటి రంగు అంటుకోదు. మెత్తటి రోలరు లోతుల్లోకి దిగుతుంది, గట్టిది పైపైనే పోతుంది. ఈ రెండిటితో ఒకే పలక మీద, ఒకే అచ్చులో అనేక రంగులు తెచ్చే పద్ధతిని అక్కడే తోటివాళ్ళతో కలిసి తయారుచేశారు. ఆ వర్క్‌షాపులో పనిచేస్తున్నవాళ్ళు ఎన్నో దేశాల నుంచి వచ్చినవాళ్ళు, ఒకరి పలక ఇంకొకరు చూస్తూ, ఒకే ప్రెస్సు దగ్గర వరస కట్టి నిలబడేవాళ్ళు. తర్వాత ఆయన న్యూయార్క్ వచ్చి స్థిరపడి ఎందరికో నేర్పారు. 1972లో పద్మశ్రీ వచ్చింది, 2018లో ఇక్కడే పోయారు. ఆయన పోవడానికి ముందే, 2016లో, మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, జరీనా హష్మీల పనితో కలిపి ఆయన పనిని ప్రదర్శనకి పెట్టింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, చెయ్యి తప్పేది చలి వల్లా చోటు లేకా కాదమ్మా. నీ గీత చూసి "ఇక్కడ ఎందుకు వణికింది" అని అడిగే మనిషి లేకపోతే తప్పుతుంది. ఇంట్లో రోజూ వేసినా అలా అడిగేవాళ్ళు కావాలి. వాళ్ళు కలంకారీ తెలిసినవాళ్ళే కానక్కర్లేదు. ఇక్కడ సహజ రంగులద్దేవాళ్ళు, నేతవాళ్ళు, ముద్రణవాళ్ళు కలిసి పనిచేసే చోట్లు చాలా ఉన్నాయి. హ్యాండ్‌వీవర్స్ గిల్డ్ ఆఫ్ అమెరికా అని ఒక సంఘం ఉంది, వాళ్ళ ద్వారా మీ దగ్గరలో ఉన్న చిన్న గిల్డులు తెలుస్తాయి. ఉతుక్కోవడానికి పెద్ద తొట్లు కూడా అలాంటి చోటే దొరికే అవకాశం ఉంది. మన్‌హాటన్‌లో రాబర్ట్ బ్లాక్‌బర్న్ ప్రింట్‌మేకింగ్ వర్క్‌షాప్ ఉంది, ఒకసారి వెళ్ళి ఊరికే చూసి రండి.

మన్‌హాటన్ ఎడిసన్ నుంచి రైల్లో గంట దూరం. బ్రూక్లిన్ మ్యూజియం దగ్గర 1610, 1640 మధ్య కోరమాండల్‌లో వేసిన ఏడు పలకల కలంకారీ తెర ఉంది, రకరకాల దేశాల మనుషులు, దర్బారులు, మేడలు వేశారు దాని మీద. గుడ్డ కదా, వెలుతురికి పాడవుతుందని అన్ని రోజులూ ప్రదర్శనలో ఉంచరు. వాళ్ళ వెబ్‌సైట్లో ఫొటోలు పెద్దవి చేసుకుని చూడండి. మెట్రోపాలిటన్‌లో రాటీ టెక్స్‌టైల్ సెంటర్ అని ఉంది, ముందుగా రాసి అపాయింట్‌మెంట్ తీసుకుంటే గుడ్డలు దగ్గర నుంచి చూడనిస్తారు. మీ పని ఫొటోలు జతచేసి, శ్రీకాళహస్తిలో నేర్చుకున్నానని రాయండి.

కాళహస్తి_అమ్మాయి:

అందరికీ చాలా చాలా థాంక్స్. నందనూరు మా అమ్మమ్మగారి ఊరికి ఎంతో దూరం కాదు, ఈ పేరు ఇంతవరకు ఎవరూ నాకు చెప్పలేదు. మా వారికి ఈ జవాబులన్నీ చదివి వినిపించాను. ఐటీ కోర్సు మాట పక్కనపెట్టి ఐ-140 ఎంతవరకు వచ్చిందో కంపెనీలో కనుక్కుంటానన్నారు, గుడ్డ రెండో కొస పట్టుకోవడానికి కూడా ఒప్పుకున్నారు.

నిన్న కరక్కాయ పొడి తెచ్చుకున్నాం, చిన్న ముక్క నానబెట్టాను. అక్కా, డెల్ఫ్ట్ అక్కా, మీకు ఒక ప్రశ్న. ఇక్కడ కొళాయి నీళ్ళలో క్లోరిన్ వాసన బాగా వస్తోంది, రంగు మీద ప్రభావం ఉంటుందా?

డెల్ఫ్ట్_నుంచి:

ఉతుకుకి పర్వాలేదు, రంగు కలిపే నీళ్ళకి మాత్రం చూసుకోవాలి. మామూలు క్లోరిన్ అయితే బకెట్టులో పట్టి ఒక రాత్రి మూత లేకుండా వదిలేస్తే చాలావరకు పోతుంది. కొన్ని ఊళ్ళలో క్లోరమిన్ కలుపుతారు, అది అలా పోదు, మీ నీటి సంస్థ ఏటా ఇచ్చే నివేదికలో ఏది వాడతారో ఉంటుంది. దానికన్నా నీళ్ళలో ఇనుము ఉందేమో చూడండి, ఉంటే ఎరుపు మసకబారుతుంది. పటిక పెట్టిన చిన్న ముక్కలు రెండు తీసుకుని, ఒకటి కొళాయి నీళ్ళలో, ఇంకోటి కొన్న డిస్టిల్డ్ నీళ్ళలో ఒకే కొలత మ్యాడర్‌తో వేడి చేసి, పక్కపక్కన పెట్టి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. పగటి వెలుతురులో తీయండి, లైటు కింద వద్దు.