"ప్రభువు చిత్తమైతే" అని వేశాక వానకు వేరే ఏర్పాటు రాయకూడదా?

పర్లాకిమిడి నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా సంఘంలో కోతకాలపు పండుగ అక్టోబరు రెండో వారంలో పెట్టుకున్నాం. కరపత్రం తెలుగులోనూ ఒడియాలోనూ వేస్తాం. తెలుగు రాసే పని నాది. పైన ఎప్పటిలాగే "ప్రభువు చిత్తమైతే" అని పెట్టి, కింద "వాన పడితే ఆవరణలో కాక స్కూలు హాల్లో జరుగుతుంది" అని కలిపాను. పెద్దల్లో ఒకాయన ఆ లైను కొట్టేశారు. "చిత్తమైతే అన్నాక మళ్లీ వానేటి, హాలేటి? అది అపనమ్మకం కాదా?" అన్నారు. ఆయనతో వాదన నాకొద్దు. మాట సంగతి మాత్రం తెలుసుకోవాలి. ఏర్పాట్లు చేసుకోవద్దన్న అర్థం ఆ వాక్యంలో ఉందా?

బరంపురం:

"తానొకటి తలచిన దైవమొకటి తలచును" అని మనవాళ్లు ఎప్పుడో అన్నారు కదా. అదే ఇది. మీ పెద్దాయనదే రైటేమో.

గుణుపురం (రిటైరైన తెలుగు మాస్టారు):

అమ్మా, ఆ మాట బైబిల్లో యాకోబు రాసిన పత్రికలోది. అందులో 4:15 ఒక్కటే తీసి చూస్తే మీ పెద్దాయన అన్నట్టే తోస్తుంది. 13 నుంచి చదవండి. ఒకానొక పట్టణానికి వెళ్లి, ఏడాది ఉండి, వ్యాపారం చేసి "లాభము సంపాదింతము రండి" అని చెప్పుకునేవాళ్లను మందలిస్తున్నాడు. మందలించి ఏమనమన్నాడు? "ప్రభువు చిత్తమైతే మనము బ్రదికియుండి ఇది అది చేతము" అనమన్నాడు. క్రియలు చూడండి. అక్కడ సంపాదింతము, ఇక్కడ చేతము. రెండూ ఒకే రూపం. ఇప్పటి మాటలో సంపాదిద్దాం, చేద్దాం. పని మానుకోమనలేదు, ముందు ఒక షరతు తగిలించమన్నాడు. ఆ షరతు "చేతము"తో ఆగదు, "బ్రదికియుండి"ని కూడా పట్టుకుంటుంది. పని మాట తర్వాత, మనం ఉండటమే షరతు మీద ఉంది. 14లో మనల్ని ఆవిరితో పోల్చింది అందుకే. 16కి వచ్చేసరికి ఆయన కోపం దేనిమీదో బయటపడుతుంది: డంబాలు, అతిశయం. క్యాలెండరు మీద ఆయనకేం పగ లేదు.

(వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో ఇంకా "చెప్పుకొనవలెను" అనే చదువుతున్నామా అంటే, చదువుతున్నాం. ఆ గోల ఇంకోసారి.)

బరంపురం వారు చెప్పిన సామెత నాకూ ఇష్టమే. అయితే అందులో మనిషి తలపు, దైవం తలపు ఎదురుబొదురుగా నిలబడతాయి. బైబిల్లోని సామెతల గ్రంథం 16:9లో అలా లేదు. మనిషి తాను చేయబోయేది యోచించుకుంటాడు, యెహోవా అతని నడతను స్థిరపరుస్తాడు. యోచన మనిషి చేతిలోనే వదిలేశాడు.

ఇక అపొస్తలుడు పౌలు. కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 16లో ఆయన ప్రయాణం చదివితే రైల్వే టైంటేబులే. పెంతెకొస్తు పండుగ వరకు ఎఫెసులో ఉంటానన్నాడు. మాసిదోనియ మీదుగా కొరింథు వస్తానన్నాడు. ఒకవేళ చలికాలమంతా అక్కడే గడుపుతానన్నాడు. ఊరు, దారి, రుతువు అన్నీ చెప్పి మరీ "ప్రభువు సెలవైతే" అని కలిపాడు. (సెలవంటే అనుమతి. మా మనవడు ప్రభువుకు హాలిడే అనుకున్నాడు.) తర్వాత కొరింథు రాకపోకల్లో అనుకున్నది అనుకున్నట్టు సాగలేదు. రెండో పత్రిక మొదటి అధ్యాయంలో తాను చపలచిత్తుణ్ని కానని సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. ప్లాన్ మారిస్తే నాలుగు మాటలు పడటం అప్పుడూ ఉందన్నమాట. "చపలచిత్తుడు" అన్న మాటలోనూ చిత్తమే ఉంది, చూశారా.

జయపురం:

మాస్టారూ, బాగా చెప్పారు. నాదో చిన్న సందేహం. "చిత్తం దొరా", "తమ చిత్తం, మా భాగ్యం" అని జమీందారుల ముందు చేతులు కట్టుకుని అనేవారు కదా. మన చెవిలో "చిత్తమైతే" అనగానే ఆ కట్టిన చేతులే మెదులుతాయేమో. అందుకే ఇంకేమీ చేయకూడదనిపిస్తుంది. చేతులు కట్టుకున్నవాడు పందిరి గుంజలెలా పాతుతాడు?

గుణుపురం:

అదీ నిజమే. "నీ చిత్తము నెరవేరును గాక" అన్నప్పుడు చేతులు కట్టుకోండి, తప్పులేదు. పందిరికి మాత్రం విప్పాలి.

బరంపురం:

ఒప్పుకుంటున్నాను గానీ, ఇంకో కోణం కూడా ఉంది. మా దగ్గర "ప్రేమవిందుకు వస్తారా?" అని అడిగితే "ప్రభువు చిత్తమైతే చూద్దాం బాబూ" అంటారు. అంటే రారు. వంట చూసేవాడికి ఆ ఒక్క మాటతో టెన్షన్. ఎన్ని కిలోల బియ్యం పొయ్యాలో తెలీదు. రానని చెప్పడానికి మొహమాటపడి దేవుణ్ని అడ్డం పెట్టుకోవడం నాకైతే అపనమ్మకం కంటే పెద్ద తప్పనిపిస్తుంది.

గుణుపురం:

లూకా 14:28 మీ వంటవాడి పక్షమే. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని "తగులుబడి" లెక్కచూసుకోడా అని అడిగింది యేసే. తగులుబడి అంటే ఖర్చు. బియ్యం కూడా అందులోకే వస్తుంది.

అమ్మా, మీ పెద్దాయనకు వచనాల కంటే ముందు అక్టోబరు గుర్తుచేయండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను, మరుసటి ఏడు అదే తేదీన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీకి మీ గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఎంతమంది పోయారో ఆయనకు నేను చెప్పాలా? మన వైపు రెండో వారంలో పండుగ పెట్టుకుని హాలు మాట ఎత్తకపోతే అది ధైర్యం కాదు, తెగింపు.

పర్లాకిమిడి:

మాస్టారూ, ధన్యవాదాలు. తిత్లీ మాటకే ఆయన మెత్తబడ్డారు, క్రియల దాకా వెళ్లనేలేదు. ఒక షరతు పెట్టారు: హాలు లైను "ప్రభువు చిత్తమైతే" కంటే పెద్ద అక్షరాల్లో ఉండకూడదట. సరేనన్నాను. పాతపట్నం నుంచి వచ్చేవాళ్లకు ఏ గేటు దగ్గర దిగాలో కూడా వేస్తున్నాం. ఒడియాలో మాత్రం గొడవే రాలేదు, "ప్రభుంకొ ఇచ్ఛా హేలే" అని సూటిగా ఉంది.

బరంపురం:

"వచ్చేవారు ముందు ఆదివారంలోగా పేరు చెప్పగలరు" అని కూడా కలపండమ్మా. పేరుకు బదులు "చిత్తమైతే" అన్నవాళ్లకు బియ్యం పొయ్యొద్దని వంటవాడికి చెప్పండి.