‘ఈ యేడన్నా’, ‘ఈ యేడు సుత’: రెండింటి నడుమ తేడా ఏంది?

మొన్న ఉగాది నాడు మా ఇంటికి ఎన్ని ఫోన్లొచ్చినయో, అన్నిట్ల ఒకటే మాట: “ఈ యేడన్నా జాబ్ కొట్టాలె బిడ్డా.” హన్మకొండల గ్రూప్స్‌కు చదువుకుంటున్న లెండి. పదో ఫోన్ అయ్యేసరికి నా ధ్యాస నౌకరీ మీదికెళ్లి వ్యాకరణం మీదికి వోయింది.

ఆ ‘అన్నా’ను జర చూడుండ్రి. ‘అను’ ధాతువుకు అప్యర్థకం, అంటే ‘అన్నప్పటికీ’ అనే అర్థమిచ్చే రూపం. కోస్తా దిక్కు ‘అయినా’ అనే చోట మనం ఇది ఎక్కువ వాడుతం. వినడానికి దీవెన లెక్కనే ఉంటది గానీ, వెనుకకెళ్లి పోయినేడు మొత్తాన్ని కొట్టేస్తది. ‘ఈ యేడన్నా’ అన్నరంటే పోయిన యేడు దండుగ అన్నట్టే గదా!

మా నాయనమ్మ మాత్రం గ్లాసుల పచ్చడి పట్టుకొని (మా దిక్కు ఉగాది పచ్చడి తాగేదే, నాకేది కాదు) దేవుని అర్ర ముందట నిలవడి “ఈ యేడు సుత సల్లంగ సూడు తల్లీ” అన్నది. పోయినేడు ఆమెకు మోకాళ్లు పట్టేసినయి. మిర్చికి నల్లతామర పురుగు తగిలింది, మిగిలింది ఎనుమాముల మార్కెట్‌కు తోలితే ధర లేదు. అయినా ‘సుత’ (అంటే ‘కూడా’) అన్నది. ఆ మాట రావాల్నంటే పోయినేడు గూడ తల్లి సల్లంగనే సూసిందని ముందుగాల ఒప్పుకోవాలె. కృతజ్ఞత అంటే చేసిన మేలును ఎరుగుడు. ఆ ఎరుకంతా ఈ రెండక్షరాలల్లనే ఉన్నదనిపించింది. సైతం, సుతం, సుత ఒక్క ఇంటి పిల్లలే అని నా నమ్మకం.

మీ ఊర్లల్ల ఎట్లంటరు?

జనగామ నుంచి: అన్నా (ఇది పిలుపే, మీ అప్యర్థకం కాదు), తొందరపడ్డవ్. “ఈ యేడు సుత ఫెయిలైనవా?” అని మా బాపు అడిగిండు. అండ్ల ఏ మేలును ఎరుగుమంటవ్?

భూపాలపల్లి నుంచి: ‘అన్నా’ మీద అంత కోపమెందుకు తమ్మీ? “ఎండల వడి వచ్చినవ్, నీళ్లన్నా తాగిపో” అంటే తిట్టినట్టా? మా అమ్మమ్మ అంబలి పోసి “ఇదన్నా తాగు బిడ్డా” అని బతిమిలాడేది.

మొదట రాసిన నేనే: జనగామ తమ్మీ, ఓడిన. ‘సుత’ లెక్క మాత్రమే పెడ్తది, ఏం లెక్కవెట్టాల్నో మనిషి ఇష్టం. భూపాలపల్లి అక్కా, మీ మాటతోని నాకు ఇంకోటి తట్టింది. తక్కువల తక్కువ అడిగేటప్పుడు ‘అన్నా’ ముద్దుగుంటది: నీళ్లన్నా, ఇదన్నా. గవర్నమెంటు నౌకరీని తెచ్చి ఆ నీళ్ల గ్లాసు జాగల వెట్టినప్పుడే మెడ మీద కూసుంటది.

కరీంనగర్ నుంచి: పరాభవ నామ సంవత్సరం అని పేరు వినే మా ఇంట్ల సగం మంది బెదిరిన్రు. మా బాపు 1966 పరాభవల పుట్టిండు, 60 ఏండ్లకు మళ్ల అదే పేరొచ్చింది. “నేను పుట్టిన పేరే గదరా, ఈ పరాభవ సుత సూస్తున్న” అని నవ్విండు.

మొదట రాసిన నేనే: ఇదంతా నాయనమ్మకు చదివి వినిపించిన. మొత్తం విని, “నీళ్లన్నా తాగి సదువుకో పో” అన్నది.