పాత 28 ఇంచుల సైకిల్‌కి ఇంట్లోనే సైడ్‌కార్, ఎవరైనా కట్టారా?

తెనాలి_తొక్కుడు:
అందరికీ నమస్తే. మా తాతగారి రాలీ ఉంది, 28 ఇంచులది, రాడ్ బ్రేకులు. అటక మీంచి దించి, గుళ్ళు మార్పించి గ్రీజు పెట్టిస్తే ఇప్పుడు వెన్నలా పోతోంది. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, క్యారియర్ మీదకి ఎక్కలేదు. అప్పట్లో స్కూటర్లకి సైడ్‌కార్ ఉండేది కదా, అలాంటిది ఒకటి కట్టి రైతుబజారుకి తీసుకెళ్దామని నా ఆశ. అమ్మ 55 కేజీలు. ఇనప పైపులు, ప్లైవుడ్, పిల్లల సైకిల్ చక్రం ఒకటి రెడీగా ఉన్నాయి. ఫ్రేముకి డైరెక్టుగా వెల్డింగ్ పెట్టించెయ్యొచ్చా?

ఓరుగల్లు_పానా:
అన్నా వెల్డింగ్ అస్సలొద్దు, నేను మా హెర్క్యులస్‌కి చేపిచ్చి బుద్ధి తెచ్చుకున్న. గీ పాత ఫ్రేములు పైపుల్ని లగ్గుల్ల, అంటే పైపులు కలిసే కాడ తొడిగే ఇనప గొట్టాలల్ల పెట్టి ఇత్తడి పోసి అతికినయి, పైపు పల్చగుంటది. కరెంటు వెల్డింగ్ ముట్టియ్యంగనే సీటు కింది పైపుకి బొక్క వడ్డది, అది పూడ్సనీకి ఆయన ఇంకింత పోసిండు, నెల తిరగకముందే దాని పక్కపొంటే క్రాక్. క్లాంపులు పెట్టుకో. పట్టీని పైపు మందానికి వంచి, నడుమ పాత ట్యూబు ముక్క ఏసి బోల్టు బిగియ్యాలె. మూడు జాగలల్ల పట్టాలె: ఎనక యాక్సిల్ కాడ, కింద ముందటి పైపుకి, ఇగ మూడోది సీటు కింది పైపు మీదికెళ్ళి ఏటవాలుగ దిగే కమ్మి. కింద రెండే పెడితే సైకిల్ పక్కకి పండుతది.

గోదారోడు:
పైపు బిగించే ముందు ఎడం పెడల్ తిరిగే జాగా చూసుకోండి బాబూ. నేను మొత్తం బిగించి, కొబ్బరికాయ కూడా కొట్టి ఎక్కితే మొదటి అర చుట్టుకే పెడల్ టంగుమని పైపుకి తగిలింది, మళ్ళీ అంతా విప్పుడే. ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు, ఎక్కడం! చిన్నప్పట్నుంచీ అందరం ఎడం పక్క నుంచే కదా కాలు తిప్పి ఎక్కేది, మన రోడ్లకి సైడ్‌కార్ కూడా ఆ పక్కే పెట్టాలి. కుడి పక్క నుంచి ఎక్కడం నేర్చుకోడానికి నాకు వారం పట్టింది. మా ఆవిడ అరుగు మీద కూర్చుని ఒకటే నవ్వు.

లెక్కల_మాస్టారు:
మీరంతా బిగింపుల గురించి చెబుతున్నారు గానీ అసలు సంగతి వేరే ఉంది. మామూలు సైకిల్ మలుపులో వంగుతుంది, మనం తెలీకుండానే వంచుతాం. సైడ్‌కార్ గట్టిగా బిగించాక ఇక వంగదు, హ్యాండిల్ తిప్పాల్సిందే, అంటే సైకిల్ ఎక్కి రిక్షా తొక్కడం అన్నమాట. ఎడమకి గబుక్కున తిప్పితే సైడ్‌కార్ చక్రం గాల్లోకి లేస్తుంది, ఖాళీగా ఉన్నప్పుడు మరీను. అమ్మగారు దిగాక ఓ పది కేజీల ఇసక మూట పెట్టుకు తిరగండి. తొక్కేటప్పుడు బండి ఎడమకి లాగుతుంది, బ్రేకు పట్టగానే కుడికి లాగుతుంది, ఎందుకంటే పక్క చక్రానికి బ్రేకు లేదు, ఆ బరువు ముందుకే పోతానంటుంది.

పక్క చక్రం యాక్సిల్‌ని సైకిల్ వెనక యాక్సిల్ కన్నా ఓ జానెడు ముందుకి పెట్టండి. చక్రం ముందు అంచు లోపలికి కొద్దిగా చూడాలి. రెండు చక్రాల పక్కనా రెండు తిన్నని బద్దలు ఆనించి వాటి మధ్య దూరం కొలవండి, వెనక కన్నా ముందు ఒక సెంటీమీటరు తక్కువ వస్తే చాలు. ఇది కుదరకపోతే టైరు అరిగిపోతుంది, చేతులు పీకేస్తాయి.

తెనాలి_తొక్కుడు:
మాస్టారూ, వంగేలా మడత బందులు పెట్టి కడితే?

లెక్కల_మాస్టారు:
పెట్టొచ్చు, తొక్కడానికి అదే హాయి. కానీ ఆగినప్పుడు సైకిల్‌ని సైడ్‌కార్ నిలబెట్టదు, మీరే కాలు ఆనించి పట్టుకోవాలి. మోకాళ్ళ నొప్పులావిడ దిగేటప్పుడు అది ఊగితే? మీ పనికి గట్టి బిగింపే మేలు.

బర్మా_మనవడు:
మాది వైజాగ్. మా తాతగారు రంగూన్ నించి వచ్చేశారు, అక్కడి మన వాళ్ళని కోరంగీలనేవారట, మన కోరంగి రేవు పేరు మీద. రంగూన్‌లో ఈ బండినే సైక్కా అంటారు, సైడ్‌కార్ అన్న మాటే అలా అయింది. సైకిల్ పక్కన రెండు సీట్లు, ఒకరు ముందుకి ఒకరు వెనక్కి చూస్తూ వీపుకి వీపు పెట్టుకుని కూర్చుంటారు. అంటే ఇద్దరి బరువు చక్రానికి చెరో పక్క సర్దుకుంటుంది. మీకు ఒక్క సీటే కాబట్టి కూర్చునే మనిషి సరిగ్గా చక్రం ఎదురుగా వచ్చేలా చూడండి, ముందుకి జరిగితే సైడ్‌కార్ ముక్కు కిందకి గుద్దుకుంటుంది.

ఓరుగల్లు_పానా:
పిల్లల చక్రం ముచ్చట మర్చిపోయిన. దానికి రిక్షా రిపేరు కాడ లావు చువ్వలు కట్టిపియ్యి. వంగని బండ్ల చక్రం మీద పక్క లాగుడు ఎక్కువుంటది, మామూలు చువ్వలు పటపట తెగుతయ్. యాక్సిల్‌ని రెండు దిక్కులా పట్టాలె, ఒక్క దిక్కే పడితే వంగుతది.

గోదారోడు:
అలాగే ఫ్రీవీల్, అదే వెనక చక్రానికుండే పళ్ళ చక్రం, అది కూడా మార్చేయండి. 18 పళ్ళది తీసి 22ది వేసుకుంటే కాళ్ళకి దాదాపు అయిదో వంతు తేలిక, స్పీడు తగ్గుద్ది, తగ్గాలి కూడా. రాడ్ బ్రేకు కట్టలు కొత్తవి వెయ్యండి, వానలో ఆ స్టీలు రిమ్ము మీద అవి అసలే అంతంత మాత్రం.

తెనాలి_తొక్కుడు:
మూడు నెలలైంది, అయిపోయిందండీ! క్లాంపులు మూడూ పెట్టా, లావు చువ్వలు, 22 ఫ్రీవీల్. సీటుకి పాత పేము కుర్చీ కాళ్ళు కోసి ప్లైవుడ్ మీద బిగించా. బద్దలతో కొలిస్తే మొదట మూడు సెంటీమీటర్లు వచ్చింది, వాషర్లు వేసి సరిచేసేసరికి రెండు ఆదివారాలు పోయాయి. ముందు బియ్యం బస్తాతో తిప్పా, తర్వాత అమ్మతో. మాస్టారు చెప్పినట్టు బ్రేకు పట్టగానే కుడికి లాగుతోంది, అలవాటైంది. ఒక్కటే భయం పుట్టింది, మొన్న అమ్మ కొంగు జారి సైకిల్ వెనక చక్రం చువ్వల దాకా వచ్చింది, నేను చూసి ఆపా గానీ. రేకు కొడితే మోత వస్తుందేమో, ఏం కట్టమంటారు?

బర్మా_మనవడు:
దోమల జాలీ కట్టండి, రెండు చక్రాలకీ.

గోదారోడు:
నేను చేపల వల ముక్క కట్టా, నాలుగేళ్ళైంది, వానకి కూడా ఏం కాలేదు. ఫోటో పెట్టండి ముందు.

తెనాలి_తొక్కుడు:
సైకిల్‌ది రేపు పెడతా. అమ్మ తను ఎక్కిన ఫోటో మాత్రం ఊళ్ళోవాళ్ళకి చూపించొద్దంది, మీరు పై ఊళ్ళవాళ్ళే కదా అంటే ఆలోచిస్తోంది.