యూరిక్ యాసిడ్ గోలీ మొదలువెట్టినంక కాలు ఇంకా ఎక్కువ వాసింది, ఆపాల్నా?

మర్రిగూడ పిల్లగాడు:
అన్నలూ, మాది మర్రిగూడ దగ్గర పల్లె. మా నాయినకు 58 ఏండ్లు, బీపీ ఉంది, షుగర్ లేదు. మూడేండ్ల సంది కాళ్లు నొస్తున్నయంటే మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఒళ్లు గిట్లనే ఉంటది అనుకొని ఊకున్నం, కానీ ఇది వేరే తీరుగ వస్తది, రాత్రి మంచిగనే పండుకుంటడు, తెల్లారుజామున మూడింటికి బొటనవేలు మొదట్ల మంట లేస్తది, ఎర్రగ నిగనిగ ఉబ్బుతది, దుప్పటి అంచు తాకినా ఓర్వలేడు. ఆర్‌ఎంపీ సూదేస్తే మూడు రోజులల్ల తగ్గేది, మళ్ల రెండు నెలలకు అదే కథ. ఈసారి నల్లగొండ తీస్కపోతే యూరిక్ యాసిడ్ 9.2, క్రియాటినిన్ 1.5 వచ్చింది, గౌట్ అన్నరు, అంటే యూరిక్ యాసిడ్ ఎక్కువై వచ్చే కీళ్లవాపు. అలోప్యూరినాల్ 100 రాసిండ్రు. పదిహేను రోజులకు రెండో కాలుకు లేచింది. "ఈ గోలీ మింగినంకనే ఎక్కువైంది, నాకొద్దు" అని వారం సంది ఆపిండు. నిజంగ ఆ గోలీ పడ్తలేదా?

మిర్యాలగూడ మెడికల్ షాప్:
తమ్మీ, రోజూ ఇద్దరు ముగ్గురు నా కౌంటర్ కాడ ఇదే మాట అంటరు. గోలీ పడకపోవుడు కాదు. యూరిక్ యాసిడ్ 6.8 దాటితే రక్తంల కరగక సన్న సూదుల లెక్క కీళ్లల్ల పేరుకుంటది, గోలీ వల్ల లెవల్ దిగంగనే ఏండ్ల సంది పట్టిన ఆ పొర పాత గోడ సున్నం రాలినట్టు రాలుతది, అప్పుడు కీలు మళ్ల వాస్తది. అందుకనే మొదటి మూడు నుంచి ఆరు నెలలు తోడుగ కాల్చిసిన్ 0.5 రోజుకొకటి రాస్తరు. మీ చిట్టీల అది ఉందా, ఒకసారి చూడు.

రెండు రకాల మందులు కలగలుపుకోవద్దు. నొప్పి లేచినప్పుడు మంట చల్లార్చేవి వేరే: కాల్చిసిన్, నాప్రోక్సెన్ అసొంటి పెయిన్ కిల్లర్, లేకుంటే కొన్ని రోజులు స్టెరాయిడ్. యూరిక్ యాసిడ్‌ను దించేవి వేరే: అలోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్. ఇవి నొప్పి గోలీలు కావు, నొప్పి ఉన్నా లేకున్నా రోజూ మింగాలె, మింగుతుండంగ నొప్పి లేచినా ఆపొద్దు. క్రియాటినిన్ 1.5 అంటే కిడ్నీ కొంచెం మందగించినట్టే, కాబట్టి ఆర్‌ఎంపీ పెయిన్ కిల్లర్ సూదులు ఇగ బంద్ చేయుండ్రి. కాల్చిసిన్ కూడా ఎక్కువైతే మొదలు విరేచనాలు పడ్తయి, క్లారిత్రోమైసిన్ అనే యాంటిబయాటిక్ తోటి కలిపి అస్సలు వాడొద్దు.

అలోప్యూరినాల్‌కు ఒక్క భయం ఉంది, అది దాయను. మొదటి రెండు మూడు నెలలల్ల ఒంటి మీద దద్దుర్లు, నోట్ల పుండ్లు, జ్వరం వస్తే గోలీ ఆపి అదే రోజు దవాఖానకు పోవాలె. అరుదే గాని వస్తే ప్రాణం మీదికి వస్తది.

జడ్చర్ల సార్:
నేను ఆరేండ్ల సంది గౌట్ పేషెంట్‌ని. నాకు మొదటిసారి వాపు ఉన్నప్పుడే టెస్ట్ చేస్తే 6.1 వచ్చింది, నార్మలే అని పంపిచ్చిండ్రు, దాంతోటి రెండేండ్లు పోయినయి. దాడి నడుస్తున్నప్పుడు రక్తంల లెవల్ తక్కువ కనవడొచ్చని తర్వాత తెలిసింది, వాపు తగ్గిన రెండు వారాలకు మళ్ల చేపిస్తే 8.8. అప్పటికే మోచేతి మీద శనగగింజంత గడ్డ, సూదితోటి తీస్తే సుద్ద లెక్క తెల్లగ వచ్చింది.

100 గోలీ చాలక మెల్లగ పెంచి 300 దాక తెచ్చిండ్రు. 6 కిందికి దిగాలె, గడ్డలున్నోళ్లకు 5 కిందికి. నాకు ఇప్పుడు 4.9, ఏడాదిన్నర సంది ఒక్కసారి లేవలే, గడ్డ కరిగింది. మటన్ లివర్, బోటి, బీరు, కల్లు తగ్గిచ్చిన గాని తిండితోటి ఒకటే పాయింట్ తగ్గింది, మిగతదంతా గోలీదే. ఇంకోటి, మీ నాయిన బీపీ గోలీ పేరు చూడు, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంటే అది యూరిక్ యాసిడ్‌ను పెంచుతది, డాక్టర్‌ను అడిగి మార్పియ్యి, నాకు లోసార్టన్ ఇచ్చిండ్రు, అది కొంచెం దించుతది కూడా.

దేవరకొండ అక్క:
మా దగ్గర ఒకాయన అడవినాభి దుంప నూరి ఇస్తడు, అది వాడొచ్చా?

మిర్యాలగూడ మెడికల్ షాప్:
అక్కా వద్దు, దండం పెడ్త. ఆ దుంపల ఉన్నది కాల్చిసినే, కానీ ఎంత ఉందో ఎవ్వరికీ తెల్వదు, కొంచెం ఎక్కువైతే చచ్చిపోతరు. అందుకనేనే గోలీల కొలిచి 0.5 పెట్టేది. అలోప్యూరినాల్ బదులు ఫెబుక్సోస్టాట్‌కు మార్చుదామంటే గుండె జబ్బు ఉన్నోళ్లు పైలం, 2019ల అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాని మీద హెచ్చరిక పెట్టింది.

మర్రిగూడ పిల్లగాడు:
అన్నా చిట్టీ తీసి చూసిన. కాల్చిసిన్ 0.5 రాసే ఉంది, మూడు నెలలు అని కూడా రాసిండు. నొప్పి తగ్గింది కదా ఇదెందుకు అని నేనే తీసుకురాలే, తప్పు నాదే. బీపీ గోలీ షీటు మీద కూడా సార్ చెప్పిన ఆ పేరే ఉంది. నాయినకు చదివి వినిపిస్తే "అయితే గోలీ మంచిదేనా" అన్నడు. రేపు పొద్దుగాల ఫస్ట్ బస్సుకు రెండు చిట్టీలు పట్టుకొని నల్లగొండ పోతున్నం, మళ్ల మొదలువెట్టుడు డాక్టర్‌ను అడిగినంకనే.