మయన్మార్‌లో నన్ను ఆదరించిన కుటుంబానికి ఎలా సాయపడాలి?

2019లో మయన్మార్ వెళ్ళాను. పాత గుళ్ళకు పేరున్న బాగాన్‌ ఊరికి యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చిన ఏడాది అది. అక్కడ గుర్రబ్బండి తోలే ఒకాయన రోజంతా గుళ్ళు తిప్పి చూపించి, సాయంత్రం వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. వాళ్ళావిడ సాన మీద నీళ్ళు చల్లి అక్కడివాళ్ళు ముఖానికి రాసుకునే థనకా అనే చెట్టు చెక్క అరగదీసి, ఆ గంధం నా బుగ్గలకు రాసింది. భోజనం పెట్టారు, ఎంత బతిమాలినా డబ్బు ముట్టుకోలేదు. నాన్న పోయాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాని రోజులవి. నేను మళ్ళీ మనుషుల్లో పడ్డానంటే ఆ ఇంటి చలవే.

2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కుంది. టూరిస్టులు పోయారు, బండికి బేరాలు పోయాయి. 2024లో నిర్బంధ సైనిక సేవ చట్టం అమల్లోకి తెచ్చారు. 18 నుంచి 35 ఏళ్ళ మగవాళ్ళను తీసుకోవచ్చట. వాళ్ళబ్బాయికి సరిగ్గా ఆ వయసే. 2025 మార్చి భూకంపం తర్వాత "క్షేమం" అని ఒక్క మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు.

అక్కడ తెలిసినవాళ్ళున్నవారు దయచేసి చెప్పండి. నేను పదే పదే మెసేజ్ పెడితే వాళ్ళకు ముప్పా? ఫోన్లు తనిఖీ చేస్తారని విన్నాను, అందుకే రాజకీయాల మాటే ఎత్తను. వాళ్ళ ముఖాలు కనిపించే ఫొటోలు నా ఫేస్‌బుక్‌లో ఉన్నాయి, తీసేయాలా? కొంచెం డబ్బు పంపాలని ఉంది. వాళ్ళను చిక్కుల్లో పడెయ్యకుండా చేరే దారి ఏదైనా ఉందా?