ఒకే క్యూ మీద రెండు ప్రోగ్రాములు, ఫైళ్లు డబుల్ వెళ్తున్నాయి

గాజువాక_కుర్రాడు:
వైజాగ్ పోర్టు దగ్గర షిప్పింగ్ ఏజెంట్ ఆఫీసులో పనండి. కంటైనర్ల లిస్టులన్నీ లినక్స్ సర్వర్లో ఒక అవుట్‌బౌండ్ ఫోల్డర్లో పడతాయి, క్రాన్‌లో (టైం ప్రకారం ప్రోగ్రాములు నడిపేది) పెట్టిన మా స్క్రిప్టు వాటిని ఎస్‌ఎఫ్‌టీపీలో (నెట్ మీద భద్రంగా ఫైళ్లు పంపే పద్ధతి) పంపి డిలీట్ చేస్తుంది. ఈమధ్య పెద్ద ఫైళ్లకని ఇంకో ప్రోగ్రాం కూడా అదే ఫోల్డర్ మీద పెట్టారు. అప్పట్నుంచీ ఒకే లిస్టు రెండుసార్లు వెళ్తోంది, ఒక్కోసారి సగం రాసిన ఫైలే వెళ్లిపోతోంది, అవతలివాళ్లు ఫోన్ చేసి వాయించేస్తున్నారు. లాక్ ఫైలు (ఇంకొకటి పనిలో ఉందని చెప్పే గుర్తు ఫైలు) ఉందో లేదో రెండూ చూసుకుంటున్నాయి మరి. ఏటి చెయ్యాలి?

మద్దిలపాలెం_మాస్టారు:
తిరకాసంతా ఆ చూసుకోవడంలోనే ఉంది తమ్ముడూ. లాక్ లేదని చూసి, తర్వాత తీరిగ్గా పెడితే, ఆ సందులో రెండోది కూడా లేదనే చూసేసి ఉంటుంది. చూడటం, పెట్టడం ఒకే దెబ్బకి అయిపోవాలి. షెల్ స్క్రిప్టయితే లాక్ కోసం ఫోల్డర్ తయారుచేసే ఎంకేడిర్ (mkdir) కమాండ్ వాడు, ఫోల్డర్ అప్పటికే ఉంటే ఫెయిలవుతుంది. దానికి మైనస్ పీ (-p) ఆప్షన్ మాత్రం పెట్టకు, పెడితే ఉన్నా కిక్కురుమనదు.

ఇది కొత్త జబ్బేం కాదులే. ఫిడోనెట్ (ఫోన్ లైన్ల మీద మెయిల్ పంపుకున్న పాత కంప్యూటర్ల నెట్‌వర్క్) రోజుల్లో బింక్లీటెర్మ్ అనే మెయిల్ ప్రోగ్రాం పద్ధతిలో ఒక్కో నోడ్‌కి (అవతలి కంప్యూటర్‌కి) ఒక బీఎస్‌వై ఫైలు (బిజీ అని చెప్పే లాక్) పెట్టేవారు, అదున్నంతసేపు ఆ నోడ్ క్యూని ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఫోల్డర్ మొత్తానికి తాళం వెయ్యకుండా, ఒక్కో అడ్రసుకి విడిగా. నాకైతే ఇప్పటికీ అదే నచ్చుతుంది.

సీతమ్మధార_సిసాడ్మిన్:
లాక్ కంటే రీనేమ్ సుఖం. ప్రతి ప్రోగ్రామూ ముందు ఫైల్ని తన సొంత ఫోల్డర్లోకి ఎంవీ (mv, ఫైలు పేరు మార్చి జరిపే కమాండ్) చేసుకుని ఆ తర్వాతే పంపాలి. రెండూ ఒకేసారి లాగినా ఒకదానికే దక్కుతుంది, రెండోదానికి ఫైలు లేదని ఎర్రరొస్తుంది, అంతే. సగం ఫైలుకీ ఇదే మందు: పక్క ఫోల్డర్లో పూర్తిగా రాశాకే అవుట్‌బౌండ్‌లోకి జరపాలి. కానీ ఈ ఫోల్డర్లన్నీ ఒకే ఫైల్‌సిస్టంలో (డిస్కులో ఒకే భాగంలో) ఉండాలి, లేకపోతే ఎంవీ కాస్తా కాపీ చేసి చెరపడం అయిపోతుంది, కథ మళ్లీ మొదటికి.

గాజువాక_కుర్రాడు:
మరి మధ్యలో కరెంటు పోతే? లాక్ అలాగే ఉండిపోతుంది కదా మాస్టారూ.

మద్దిలపాలెం_మాస్టారు:
ఉంటుంది. సర్వర్ లేవగానే, ప్రోగ్రాములు మొదలవకముందే, పాత లాకులన్నీ ఊడ్చెయ్. టైం చూసి తీసేద్దామనుకుంటే పెద్ద ఫైలు ఇంకా పంపుతున్నదాని లాకే పీకేస్తావు. అసలు ఈ గోల లేకుండా ఫ్లాక్ (flock, లినక్సే ఇచ్చే లాక్) వాడితే ప్రాసెస్ చచ్చినా కెర్నెలే (లినక్స్ గుండెకాయ) దాన్ని వదిలేస్తుంది. అయితే రెండు ప్రోగ్రాములూ ఆ లాక్ అడగాలి, అడగనిదాన్ని అది ఆపదు.

గాజువాక_కుర్రాడు:
రెండోది బయటోళ్ల దగ్గర కొన్నదండీ, లోపల చెయ్యి పెట్టనివ్వరు. ఏ ఫోల్డర్ చూడాలో మాత్రం మనం ఇవ్వొచ్చు.

సీతమ్మధార_సిసాడ్మిన్:
ఆ ముక్క ముందే చెప్పాల్సింది గురూ! దానికి వేరే ఫోల్డర్ ఇచ్చెయ్. మీ స్క్రిప్టే సైజు చూసి పెద్దవి అందులోకి ఎంవీ చేస్తుంది, అవుట్‌బౌండ్ వైపు అది తొంగి కూడా చూడదు. మీ స్క్రిప్టుకి మాత్రం క్రాన్‌లో ఫ్లాక్ మైనస్ ఎన్ (-n, లాక్ దొరక్కపోతే ఆగకుండా తప్పుకోమనే ఆప్షన్) తగిలించు, పాత రన్ అవ్వకముందే కొత్తది లేస్తే మళ్లీ ఇదే పంచాయితీ.