పీడీఓ సూచీకీ సాకై సాల్మన్ రాకకూ 1989 తర్వాత పొంతన కుదరడం లేదు

అలాస్కాలో తూర్పు బేరింగ్ సముద్రపు అఖాతమైన బ్రిస్టల్ బేకు ఏటా వేసవిలో తిరిగివచ్చే సాకై సాల్మన్ సంఖ్యను పసిఫిక్ దశాబ్ద డోలన సూచీతో (పీడీఓ) పోల్చి చూస్తున్నాను. ఉత్తర పసిఫిక్ ఉపరితల ఉష్ణోగ్రతలు దశాబ్దాల తరబడి అటూ ఇటూ ఊగే తీరును చూపే సూచీ ఇది. సాకై కూడా మన పులసలాగే సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదే చేప. 1977 ప్రాంతంలో పీడీఓ ధన దశలోకి (ఉత్తర అమెరికా పశ్చిమ తీరం వెంట నీళ్లు వెచ్చగా ఉండే దశ; రుణ దశ దీనికి తలకిందులు) మారాక అలాస్కాలో సాల్మన్ పెరిగింది, వాషింగ్టన్, ఒరెగాన్ వైపు తగ్గింది. ఇది అందరూ చెప్పే పాఠమే. నా లెక్కలోనూ 1980ల చివరి దాకా చక్కగా నిలబడుతోంది. ఆ తర్వాతే చెదిరిపోతోంది. 2022 మరీ విడ్డూరం: పీడీఓ రుణ దశలో ఉండగానే సుమారు 7.9 కోట్ల సాకైలు వచ్చి రికార్డు సృష్టించాయి!

పీడీఓకు నవంబరు నుంచి మార్చి వరకు సగటు తీసుకున్నాను. సాకై సముద్రంలో సాధారణంగా రెండు మూడేళ్లు గడుపుతుంది కాబట్టి సూచీని ఒకటి నుంచి నాలుగేళ్ల దాకా వెనక్కి జరిపి చూశాను. దీర్ఘకాల ధోరణిని తీసేసి కూడా ప్రయత్నించాను. పట్టుబడిన చేపలనే కాదు, వలలు తప్పించుకుని నదుల్లోకి వెళ్లినవాటినీ కలిపాను. హేచరీ చేపలు కలిశాయేమో అనుకోవడానికీ లేదు, అక్కడివన్నీ సహజంగా పుట్టినవే. ఫలితం మారలేదు.

ఇలాంటి లెక్కలు చేసినవారు చెప్పండి: పీడీఓను వదిలేసి తూర్పు బేరింగ్ సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రతను తీసుకోవాలా, లేక పీడీఓనే ఉంచి 1989కి ముందూ తర్వాతా వేర్వేరు గుణకాలు ఇవ్వాలా?